ఫాస్ఫేట్ కొలత నుంచి కేసిన్ కైనేజ్ దాకా: కణ నియంత్రణ చరిత్రలో యల్లాప్రగడ సుబ్బారావు స్థానం

ఉపోద్ఘాతం:

యల్లాప్రగడ సుబ్బారావు (1895–1948) తెలుగువారికి ప్రధానంగా ఔషధ పరిశోధకులుగా పరిచితులు. ఫోలిక్ ఆమ్ల సంశ్లేషణ, బోదకాలు వ్యాధికి వాడే డైఈథైల్‌కార్బమజీన్, క్యాన్సర్ చికిత్సలో వాడే మెథోట్రెక్సేట్ లెడర్లీ ప్రయోగశాలల్లో ఆయన నేతృత్వంలో సాగిన కృషికి ఫలితాలు. అంతకుముందు హార్వర్డ్‌లో ఆయన చేసిన ఫాస్ఫరస్ పరిశోధన ఈ కీర్తి చాటున మరుగునపడింది. చాలాకాలం గుర్తింపునకు నోచుకోని ఒక ప్రోటీన్ కైనేజ్ చరిత్ర ఆధారంగా ఆ పరిశోధన ప్రాధాన్యాన్ని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కైనేజ్ చేసే పని:

ప్రోటీన్ కైనేజ్ అనే ఎంజైమ్ సాధారణంగా ఏటీపీ అణువు నుంచి ఒక ఫాస్ఫేట్‌ను తీసుకొని ప్రోటీన్‌కు చేరుస్తుంది. దానితో ఆ ప్రోటీన్ ఆకృతి, పనితీరు మారతాయి. ఫాస్ఫటేజ్ అనే మరొక ఎంజైమ్ ఆ ఫాస్ఫేట్‌ను తొలగిస్తుంది. కణవిభజన, శక్తి వినియోగం వంటి అనేక క్రియలను కణం ఈ చేర్పు, తొలగింపుల ద్వారా అదుపులో ఉంచుకుంటుంది.

నీలిరంగు చెప్పిన సంగతి:

భీమవరంలో జన్మించి 1923లో బోస్టన్ చేరిన సుబ్బారావు, సైరస్ ఫిస్క్‌తో కలిసి 1925లో ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతిని ప్రచురించారు. ఆమ్ల ద్రావణంలో ఫాస్ఫేట్ మాలిబ్డేట్‌తో కలిసి, క్షయకరణం చెందినప్పుడు నీలిరంగు ఏర్పడుతుంది. ఆ రంగు గాఢతను బట్టి ఫాస్ఫేట్ పరిమాణం తెలుస్తుంది. కండరాల నుంచి తీసిన ద్రావణంలో మాత్రం రంగు ఆలస్యంగా ముదిరింది. ఆ ఆలస్యానికి కారణం వెతికిన పరిశోధకులకు ఫాస్ఫోక్రియాటిన్ దొరికింది (1927). అదే కాలంలో ఇంగ్లండ్‌లో ఎగిల్టన్ దంపతులు కూడా కండరంలోని ఈ అస్థిర ఫాస్ఫేట్‌ను స్వతంత్రంగా గుర్తించారు. 1929లో ఏటీపీని జర్మనీలో కార్ల్ లోమాన్, హార్వర్డ్‌లో ఫిస్క్, సుబ్బారావులు వేర్వేరుగా వెలుగులోకి తెచ్చారు.

పాలలో మిగిలిన ప్రశ్న:

పాలలోని కేసిన్ ప్రోటీన్‌లో ఫాస్ఫరస్ ఉందని 19వ శతాబ్ది చివరికే తెలుసు. దాన్ని అక్కడ చేర్చేదెవరన్నది తేలలేదు. 1954లో జార్జ్ బర్నెట్, యూజీన్ కెనెడీ ఏటీపీలోని ఫాస్ఫేట్‌ను కేసిన్‌కు చేర్చే ఎంజైమ్ కాలేయంలో ఉందని చూపారు. మరుసటి ఏడాది ఎడ్మండ్ ఫిషర్, ఎడ్విన్ క్రెబ్స్ గ్లైకోజన్‌ను విడగొట్టే ఎంజైమ్‌పై చేసిన పరిశోధన ఈ ప్రక్రియ నియంత్రణ స్వభావాన్ని వెల్లడించింది. వారికి 1992లో నోబెల్ బహుమతి లభించింది.

ప్రయోగశాలలో కేసిన్‌పై పనిచేసిన రెండు ఎంజైమ్ కుటుంబాలకు ‘కేసిన్ కైనేజ్’ అనే పేరు స్థిరపడింది. నిజానికి అవి ప్రధానంగా కణద్రవంలో, కేంద్రకంలో ఉంటాయి. కేసిన్ తయారయ్యేది కణం స్రవించే మార్గంలో. అందుచేత శరీరంలో వాటికీ కేసిన్‌కూ కలయికే లేదు. అసలు ఎంజైమ్ గాల్జి సంక్లిష్టంలో ఉండే ఫామ్20సి అని 2012లో జాక్ డిక్సన్ బృందం నిరూపించింది. 2002లో రూపొందిన 518 మానవ కైనేజ్‌ల జాబితాలో దీనికి చోటు లేదు. పేరున్న ఎంజైమ్‌లకు ఆ పని లేదు. పని చేసే ఎంజైమ్‌కు ఆ పేరు లేదు.

ఫామ్20సి పని పాలతో ముగియదు. ఎముకల, దంతాల నిర్మాణంలో పాల్గొనే ప్రోటీన్లకూ అది ఫాస్ఫేట్‌ను చేరుస్తుంది. దాని జన్యువు దెబ్బతింటే రెయిన్ సిండ్రోమ్ అనే తీవ్రమైన ఎముకల వ్యాధి కలుగుతుంది. చాలామంది శిశువులు పుట్టిన కొద్దికాలానికే మరణిస్తారు. బతికినవారిలో కొందరికి రక్తంలో ఫాస్ఫేట్ తగ్గుతుంది. మూత్రం ద్వారా ఫాస్ఫేట్‌ను బయటకు పంపే ఎఫ్‌జీఎఫ్23 హార్మోన్ స్థాయిని ఈ కైనేజ్ అదుపు చేయడమే దీనికి కారణం.

ముగింపు:

సుబ్బారావు పరిశోధనాకాలంలో ప్రోటీన్ కైనేజ్ అనే భావనే రూపుదిద్దుకోలేదు. కైనేజ్‌లను కనుగొన్న ఘనతను ఆయనకు ఆపాదించడం చరిత్రకు విరుద్ధం. అయితే కైనేజ్ అందించే ఫాస్ఫేట్ ఏ అణువు నుంచి వస్తుందో తెలియడంలో ఆయనకు భాగముంది. జీవపదార్థాల్లోని ఫాస్ఫేట్‌ను లెక్కించే సులభ సాధనాన్ని దశాబ్దాలపాటు ప్రయోగశాలలకు అందించినవారిలో ఆయన ఒకరు. ఔషధాల జాబితాతోనే ఆయన కృషిని ముగించే తెలుగు రచనలు ఈ తొలి అధ్యాయాన్ని కూడా చేర్చుకున్నప్పుడే ఆ జీవితచరిత్ర సమగ్రమవుతుంది.