ఇంజనీరింగ్ బోధనలో అభ్యసన శాస్త్రం

మనిషి ఎలా నేర్చుకుంటాడు, ఎలా మరచిపోతాడు అనే పరిశోధనల ఫలితాలను ఇంజనీరింగ్ తరగతి గదిలో అమలు చేసే కృషి ఇది. 1885లో జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త హెర్మన్ ఎబ్బింగ్‌హాస్ అర్థంలేని అక్షరాల జట్లను తానే బట్టీపట్టి, ఎంతకాలానికి ఎంత మరచిపోతున్నదీ లెక్కగట్టి ప్రచురించారు. అలాంటి పరిశోధన కళాశాల పాఠాన్ని కదిలించడానికి దాదాపు వందేళ్లు పట్టింది.

మొదట కదిలింది ఇంజనీరింగ్‌కు పునాది అయిన భౌతికశాస్త్రం. సూత్రాలతో లెక్కలు చేసేవారికి కూడా బలం, చలనం గురించిన పాత అపోహలు పోవడం లేదని 1985లో ఆరిజోనా స్టేట్ యూనివర్సిటీకి చెందిన హలౌన్, హెస్టెనిస్ చూపించారు. హార్వర్డ్‌లో భౌతికశాస్త్రం బోధించే ఎరిక్ మజూర్, వారు వాడిన తరహా ప్రశ్నలే తన తరగతిలో ఇచ్చారు. బరువైన లారీ, చిన్న కారు ఢీకొంటే దేనిపై ఎక్కువ బలం పడుతుంది? రెండింటిపైనా సమానమే. న్యూటన్ మూడో నియమం చెప్పేది అదే. కానీ మీరు చెప్పినట్టు రాయాలా, నాకు తోచినట్టు రాయాలా అని ఓ విద్యార్థి అడిగారు. ఈ రంగం చరిత్రలో ఇంతకంటే విలువైన ప్రశ్న లేదు. 1991 నుంచి మజూర్ పాఠం మధ్యలో ప్రశ్న వేసి, ఎవరికి వారు జవాబు ఎంచుకున్నాక పక్కవారితో వాదించుకోనిచ్చి, మళ్లీ జవాబు అడగడం మొదలుపెట్టారు.

ఆస్ట్రేలియాలో మనస్తత్వ శాస్త్రవేత్త జాన్ స్వెల్లర్ మరో కోణం చూపారు. కొత్త విషయాన్ని మనసు ఒకేసారి కొద్దిగానే పట్టుకోగలదు కాబట్టి, ఆరంభంలో పూర్తిగా చేసి చూపిన లెక్కలే ఎక్కువ మేలు చేస్తాయన్నారు. 2006లో మనస్తత్వ పరిశోధకులు రోడిగర్, కార్పికి పాఠాన్ని పదేపదే చదివినవారిని, పుస్తకం మూసి గుర్తుచేసుకున్నవారిని పోల్చారు. అయిదు నిమిషాల తర్వాత మొదటివారిదే పైచేయి, వారం తర్వాత రెండోవారిది.

అన్నీ నిలబడలేదు. 1988లో ఫెల్డర్, సిల్వర్‌మన్ ప్రతిపాదించిన, ఒక్కో విద్యార్థి ఒక్కో తీరులో నేర్చుకుంటాడనే అభ్యసన శైలుల నమూనా ఇంజనీరింగ్ అధ్యాపకుల్లో ఎంతో ప్రచారం పొందింది. విద్యార్థి శైలిని బట్టి బోధిస్తే మేలన్న వాదనకు తగిన ఆధారం లేదని 2008 నాటి సమీక్ష తేల్చింది. దాన్ని ఇక వదిలేయడమే మంచిది.

2014లో ఫ్రీమన్ బృందం సైన్స్, ఇంజనీరింగ్, గణిత తరగతులపై 225 అధ్యయనాలను క్రోడీకరించింది. ఉపన్యాసం వినే తరగతుల్లో సగటున 33.8 శాతం ఫెయిలైతే, విద్యార్థులతో పని చేయించే తరగతుల్లో 21.8 శాతమే ఫెయిలయ్యారు. అయినా 2019 నాటి హార్వర్డ్ అధ్యయనంలో, అలాంటి తరగతిలో ఎక్కువ నేర్చుకున్న విద్యార్థులే తక్కువ నేర్చుకున్నామని భావించారు. ఈ సంగతిని సెమిస్టర్ ఆరంభంలోనే విద్యార్థులకు వివరించాలని ఆ పరిశోధకులు అధ్యాపకులకు సూచించారు.