ఇంటి ప్లాను కాయితం: అది మన చేతికి వచ్చిన దారి

ప్రతి ఏడూ ఈ పుస్తకంలో పొదుపు ఎంత, అప్పు ఎంత, వసూలు ఎంత అని లెక్కలు రాసుకుంటాం. ఈసారి ఆ లెక్కల పక్కన ఒక కాయితం చరిత్ర కూడా రాసుకుంటున్నాం. ఇల్లు కట్టుకోవడానికి పంచాయతీ గాని, మునిసిపాలిటీ గాని ఇచ్చే అనుమతి కాయితం అది. మనలో చాలామందిమి దాన్ని 'ప్లాను' అనేస్తాం. ఇంటి అప్పుకు బ్యాంకుకు వెళ్తే దస్తావేజుతో పాటు అడిగేది దాన్నే. అది లేక అప్పు ఆగిపోయిన అక్కచెల్లెళ్లు చాలా సంఘాల్లో ఉన్నారు.

ఈ కాయితం గురించి మన ఊళ్లలో రెండు మాటలు వినిపిస్తాయి. "ఆఫీసువాళ్లు దయ తలిస్తే ఇస్తారు, లేకపోతే లేదు" అనేది ఒకటి. "మన జాగాలో మనం కట్టుకుంటుంటే ఒకరి పర్మిషన్ ఎందుకు?" అనేది రెండోది. ఈ రెండూ సరైనవి కావు. ఎందుకు కావో ఆ కాయితం చరిత్రలోనే ఉంది.

మంట, మురుగు, ప్లేగు

మన తెలుగు నేల మీద పురపాలక సంఘాలు పుట్టి నూట అరవై ఏళ్లు దాటింది. భీమునిపట్నం మునిసిపాలిటీ 1861 నాటిది. గుంటూరుది 1866. 1884లో మద్రాసు ప్రభుత్వం పట్టణాలకు ఒక చట్టం, జిల్లా, తాలూకా బోర్డులకు మరో చట్టం చేసింది. వీధులు, మురుగు కాలువలు, తాగునీరు, దీపాలు చూసుకునే బాధ్యత వాటి మీద పడింది.

అప్పటి పట్టణాల్లో తాటాకు ఇళ్లు ఒకదానికొకటి ఆనుకుని ఉండేవి. ఎండాకాలంలో ఒక పొయ్యి నుంచి నిప్పురవ్వ ఎగిరితే పేట మొత్తం బూడిద అయ్యేది. మురుగు బావిలోకి దిగితే కలరా వచ్చేది. 1896లో బొంబాయిలో ప్లేగు మొదలై దేశమంతా పాకింది. గాలి, వెలుతురు లేని ఇరుకు గదుల్లో ఎలుకల మధ్య బతికే పేదలే ఎక్కువగా చచ్చిపోయారు. 1898లో బొంబాయిలో నగరాన్ని బాగుచేయడానికి ప్రత్యేకంగా ఒక ట్రస్టు పెట్టారు.

నిజాం రాజ్యంలో హెచ్చరిక నీళ్ల రూపంలో వచ్చింది. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి హైదరాబాదులో వేలమందిని పొట్టనబెట్టుకుంది. నది ఒడ్డున కిక్కిరిసిన పేటలు కొట్టుకుపోయాయి. మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించి వరద కట్టడికి పథకం వేయించారు. 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఏర్పడింది. రోడ్లు వెడల్పు చేయడం, ఇరుకు పేటలు తీసేసి పేదలకు కొత్త ఇళ్లు కట్టడం దాని పని.

ఇవాళ మనం ఇచ్చే దరఖాస్తులో ఏం అడుగుతారో ఒకసారి చూడండి. ఇంటి చుట్టూ ఎంత జాగా వదిలారు? కిటికీలు ఎక్కడ? మరుగుదొడ్డి, సెప్టిక్ ట్యాంకు ఎక్కడ? ముందున్న రోడ్డు వెడల్పు ఎంత? దగ్గరలో చెరువు గాని, వాగు గాని ఉందా? వీటిలో ఏదీ ఆఫీసువాళ్లు ఊరికే పెట్టిన ప్రశ్న కాదు. చుట్టూ వదిలే జాగా వెనక మంటలు ఉన్నాయి. కిటికీ వెనక ప్లేగు, సెప్టిక్ ట్యాంకు వెనక కలరా, చెరువు ప్రశ్న వెనక మూసీ లాంటి వరదలు ఉన్నాయి. మన జాగాలో మనం కట్టే గోడ పక్కింటివారి గాలిని, వీధి చివరి బావిని కూడా తాకుతుంది. అందుకే నలుగురి తరఫున ఒకరు చూసి సరేననాలి.

అయితే ఈ చట్టాలు పేదవాళ్లను చల్లగా చూశాయని చెప్పలేం. తాటాకు, గడ్డి కప్పులు వేయకూడదని నిషేధించే అధికారం మునిసిపాలిటీలకు ఇచ్చారు. పెంకు కొనలేనివాడు ఏం కప్పుకోవాలో మాత్రం ఆ చట్టం చెప్పలేదు. నిబంధన మంచిదే అయినా దాన్ని అందుకునే స్తోమత లేనివారికి అది గుదిబండ అవుతుంది. ఈ సంగతి తర్వాతి కాలంలోనూ మళ్లీ మళ్లీ కనబడుతుంది.

గడువు ఎప్పుడు వచ్చింది?

1920లో మద్రాసు రాష్ట్రంలో ఒకే ఏడు నాలుగు చట్టాలు వచ్చాయి. అవి జిల్లా మునిసిపాలిటీల చట్టం, స్థానిక బోర్డుల చట్టం, గ్రామ పంచాయతీల చట్టం, పట్టణ ప్రణాళిక చట్టం. మునిసిపాలిటీల చట్టంలో ఇల్లు కట్టదలచినవారు దరఖాస్తు, స్థలం పటం, ప్లాను ఇవ్వాలనీ, అనుమతి రాకుండా పని మొదలుపెట్టకూడదనీ రాశారు. ఇంతవరకు మనందరికీ తెలిసిందే.

తెలియంది ఆ తర్వాతి మాట. అధికారి ఇష్టం వచ్చినన్నాళ్లు కాయితాన్ని తన దగ్గర పెట్టుకోకూడదని చట్టం గడువు పెట్టింది. ఆ గడువులో తేల్చకపోతే దరఖాస్తుదారు కౌన్సిలుకు రాతపూర్వకంగా అడగవచ్చు. కౌన్సిలు కూడా నెలలోపు తేల్చకపోతే అనుమతి ఇచ్చినట్టే లెక్క. కాదనాలంటే చట్టంలో చెప్పిన కారణాలే చూపాలి. "నాకు ఇష్టం లేదు" అనేది కారణం కాదు.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన తర్వాత వచ్చిన 1965 మునిసిపాలిటీల చట్టంలోనూ ఈ పద్ధతి కొనసాగింది. హైదరాబాదు నగరానికి 1955లో చేసిన మునిసిపల్ కార్పొరేషన్ల చట్టంలోనూ ముప్పై రోజుల గడువు ఉంది. అంటే నూరేళ్ల కిందటి నుంచే చట్టం దృష్టిలో అనుమతి దయ కాదు. మనం అన్నీ సరిగా ఇస్తే గడువులోగా తేల్చడం వాళ్ల బాధ్యత.

ఈ గడువుకు రెండు షరతులు ఉన్నాయి. మొదటిది, గడువు దాటినంత మాత్రాన నిబంధనలకు విరుద్ధంగా కట్టే హక్కు రాదు. ఇచ్చినట్టే లెక్క అంటే నిబంధన ప్రకారం ఇవ్వదగినదాన్ని ఇచ్చినట్టే అని అర్థం. రెండోది మరీ ముఖ్యం. గడువు లెక్క దరఖాస్తు అందిన రోజు నుంచి మొదలవుతుంది. అందినట్టు రుజువు లేకపోతే ఆ లెక్క ఎప్పటికీ మొదలుకాదు. "సారుకు ఇచ్చొచ్చాం, చూస్తానన్నారు" అంటే చట్టం ముందు అది ఇవ్వనట్టే. రసీదు లేని దరఖాస్తుకు గడువు లేదు.

పట్నం నుంచి పల్లెకు

పల్లెల్లో చాలాకాలం ఇంటికి ప్లాను అనే మాటే లేదు. ఊరి నడుమ ఇళ్లున్న జాగాను గ్రామకంఠం అనేవారు. ఎవరి ఇల్లు ఎక్కడిదాకా అనేది ఊరికి తెలుసు, కరణానికి తెలుసు. కాయితం మీద మాత్రం ఉండేది కాదు.

1950లో మద్రాసు గ్రామ పంచాయతీల చట్టం, 1956లో హైదరాబాదు గ్రామ పంచాయతీల చట్టం వచ్చాయి. రెండు ప్రాంతాలకూ కలిపి 1964లో ఆంధ్రప్రదేశ్ గ్రామ పంచాయతీల చట్టం చేశారు. రాజ్యాంగ 73వ సవరణ తర్వాత 1994 పంచాయతీరాజ్ చట్టం, తెలంగాణలో 2018 చట్టం దాని స్థానంలోకి వచ్చాయి. పంచాయతీల్లో లేఅవుట్లకు, భవనాలకు వివరమైన నియమాలు 2002లో వచ్చాయి.

నియమాలు వచ్చినా గ్రామకంఠం చిక్కు తీరలేదు. అనుమతి కోసం మొదట స్థలం మనదేనని చూపించాలి. తాతల నాటి నుంచి ఉంటున్న జాగాకు పట్టా గాని, దస్తావేజు గాని లేదు. ఇంటిపన్ను రసీదు ఉంటుంది గాని, పన్ను కట్టినంత మాత్రాన హక్కు రుజువు కాదు. ఊరి నడిబొడ్డున పుట్టి పెరిగినవారే ఈ కాయితం దగ్గర ఆగిపోయారు. ఈ లోటు తీర్చడానికే 2020 ఏప్రిల్ 24న కేంద్రం స్వామిత్వ పథకం మొదలుపెట్టింది. ఊళ్లో ఇళ్లున్న జాగాలను డ్రోనుతో కొలిచి యజమానులకు ఆస్తి కార్డులు ఇవ్వడం దాని ఉద్దేశం. మీ ఊళ్లో కొలత జరిగేటప్పుడు ఇంట్లో ఎవరి పేరు రాయిస్తున్నారో దగ్గరుండి చూసుకోండి.

దరఖాస్తు మీద ఎవరి పేరు?

అనుమతి అడిగేవారికి ఆ స్థలం మీద హక్కు ఉండాలి. ఆస్తి మగవారి పేరున ఉంటే దరఖాస్తూ మగవారిదే. 1956లో హిందూ వారసత్వ చట్టం వచ్చాకే ఆడవారికి దక్కిన ఆస్తి మీద పూర్తి హక్కు వచ్చింది. అంతకుముందు విధవకు భర్త ఆస్తి మీద బతికినంతకాలం అనుభవించే హక్కే తప్ప ఇష్టప్రకారం అమ్ముకునే హక్కు లేదు. ఎన్.టి. రామారావు ప్రభుత్వం చేసిన సవరణతో 1985 సెప్టెంబరు 5 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో కూతుళ్లకు ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమానంగా వాటా వచ్చింది. అప్పటికే పెళ్లయినవారికి మాత్రం వర్తించలేదు. దేశమంతటికీ ఆ హక్కు 2005లో వచ్చింది. ముస్లిం, క్రైస్తవ సోదరీమణులకు వేరే వారసత్వ చట్టాలు ఉన్నాయి. ఆ తర్వాత ప్రభుత్వాలు ఇళ్ల స్థలాల పట్టాలను ఇంటి ఆడవారి పేరున ఇవ్వడం ఆనవాయితీ అయింది.

సంఘంగా మనకు దక్కింది ఇంకొకటి ఉంది. 1995లో ఆంధ్రప్రదేశ్ పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం వచ్చింది. ఆ చట్టం కింద రిజిస్టరైన సమాఖ్యకు చట్టం ముందు సొంత ఉనికి ఉంది. సమాఖ్య తన పేరున స్థలం కొనవచ్చు, భవనానికి దరఖాస్తు పెట్టవచ్చు. ఆ కాయితాల మీద ఎవరి ఇంటి మగవారి పేరూ ఉండనవసరం లేదు. అధ్యక్షురాలు, కార్యదర్శి సంతకం, తీర్మానం నకలు చాలు.

బల్లకు అవతలి వైపు కూడా మారింది. 1993 నుంచి స్థానిక సంస్థల్లో మూడో వంతు సీట్లు ఆడవారివి. రెండు రాష్ట్రాల పంచాయతీల్లో ఇప్పుడు సగం. సర్పంచి కుర్చీలో మన సంఘం సభ్యురాలే కూర్చున్న ఊళ్లు ఉన్నాయి. ఆమె చదవకుండా సంతకం పెడితే ఈ చరిత్ర అంతా వృథా.

అనుమతి లేని ఇళ్లు, కొత్త పద్ధతి

పట్టణాల పక్కన పొలాలను ముక్కలు చేసి అమ్మినవారి దగ్గర కూడబెట్టిన డబ్బుతో కొన్నవాళ్లు మనలో చాలామంది. లేఅవుటుకు అనుమతి ఉందో లేదో అమ్మినవాడు చెప్పడు. ఇల్లు కట్టాక నోటీసు వస్తుంది. ఇలాంటివి పెరిగిపోయి 2007 డిసెంబరులో ప్రభుత్వం జరిమానా కట్టించుకుని క్రమబద్ధం చేసే పథకాలు తెచ్చింది. కట్టడాలకు ఒకటి, లేఅవుట్లకు ఒకటి. ఆ తర్వాత కూడా అలాంటివి వచ్చాయి. పథకం వచ్చినప్పుడల్లా కొన్నవాళ్లే మళ్లీ డబ్బు కట్టారు, అమ్మినవాళ్లు కాదు.

2020లో తెలంగాణ పట్టణాలకు టీఎస్-బీపాస్ చట్టం తెచ్చింది. 75 గజాల లోపు స్థలంలో 7 మీటర్ల ఎత్తు లోపు ఇంటికి అనుమతి అవసరం లేకుండా రూపాయి కట్టి నమోదు చేసుకుంటే చాలన్నారు. 500 చదరపు మీటర్ల లోపు స్థలంలో 10 మీటర్ల ఎత్తు వరకు కట్టే ఇంటికి యజమాని ఇచ్చే స్వీయ ధ్రువీకరణ మీదే వెంటనే అనుమతి. అంతకు మించితే 21 రోజుల గడువు. తాటాకు కప్పు కాలంలో లేని ఆలోచన ఇందులో ఉంది. చిన్న ఇంటికి, పెద్ద భవనానికి ఒకే భారం వేయకూడదన్నది. కాని స్వీయ ధ్రువీకరణ అంటే మాట మనదే, పూచీ మనదే. తప్పు చెప్పి కడితే నోటీసు లేకుండానే కూల్చవచ్చని అదే చట్టంలో ఉంది. మీసేవలో గాని, ఇంటర్నెట్ సెంటర్లో గాని ఎవరో నింపిన వివరాల కింద మన పేరు ఉంటుంది.

మనం చేసుకోవలసింది

స్థలం కొనేముందు లేఅవుటు అనుమతి నంబరు అడగాలి. ఈసీ తీయించాలి. ప్లాను లైసెన్సు ఉన్నవారి చేత గీయించుకుని, అందులో ఏం గీశారో మనమే చూసుకోవాలి. ఫీజు కట్టిన ప్రతిసారీ రసీదు తీసుకోవాలి. ఆఫీసులో ఇచ్చిన ప్రతి కాయితానికి తేదీ, ముద్ర వేసిన నకలు, ఆన్‌లైన్ అయితే దరఖాస్తు నంబరు దాచుకోవాలి. తిరస్కరిస్తే కారణం రాసిమ్మనాలి. అనుమతి వస్తే ఎన్నాళ్లు చెల్లుతుందో చూసుకోవాలి. ఇంకో మాట, అనుమతి వచ్చినంత మాత్రాన స్థలం మీద హక్కు రాదు. దస్తావేజు వేరు, అనుమతి వేరు. రెండూ ఉండాలి, రెండింటి మీదా మన పేరు ఉండాలి.

సంఘం సమావేశంలో పొదుపు పుస్తకంలో అంకె పడిందో లేదో చూడకుండా మనం డబ్బు ఇవ్వం. ఆఫీసు బల్ల మీద దరఖాస్తు పెట్టేటప్పుడూ అదే అలవాటు పాటిద్దాం. వచ్చే నెల సమావేశాలకు ప్రతి సభ్యురాలూ తన ఇంటి కాయితాలు ఒక సంచిలో తెచ్చుకోవాలని, ఏది ఉంది, ఏది లేదు అని పక్కపక్కన కూర్చుని చూసుకోవాలని సమాఖ్య తరఫున కోరుతున్నాం. లేనివాటికి దరఖాస్తులు అక్కడే రాద్దాం.