మిల్పీటస్ భూతము

అమెరికా పడమటి తీరమున, కాలిఫోర్నియా రాష్ట్రములో, శాన్‌హోసే నగరమునకు ఉత్తరముగా మిల్పీటస్ అను ఊరు కలదు. ఆ పేరు మొక్కజొన్న చేనికి చెల్లు మాట నుండి పుట్టినది. 1954లో అది పురపాలక ప్రతిపత్తి పొందెను. మరుసటి యేడే ఫోర్డు మోటారు కర్మాగారము తెరవబడెను. చేలు, తోటలు తగ్గి ఇండ్లు పెరిగినవి. ఇండ్లతోబాటు చెత్తయు పెరిగెను. సమీపమున సముద్రపు పాయ అంచునగల చెత్తదిబ్బల దుర్గంధము గాలితో ఊరిలోనికి వచ్చుచుండెను. ఇరుగుపొరుగు పట్టణములవారు ఆ ఊరి పేరెత్తి పరిహసించుట పరిపాటి.

ఆ పరిహాసమునకు ఊరివారి ప్రత్యుత్తరమని చెప్పదగినది 1976లో వెలువడిన ‘మిల్పీటస్ మాన్‌స్టర్’ అను చలనచిత్రము. అచటి శామ్యూల్ ఏయర్ ఉన్నత పాఠశాలలో ఛాయాచిత్రకళ బోధించుచుండిన రాబర్ట్ బర్రిల్ అను ఉపాధ్యాయుడు విద్యార్థులచేత మాలిన్యమును గూర్చి ఒక చిన్న చిత్రము తీయింప సంకల్పించెను. పని నానాటికి పెరిగి పూర్తి నిడివి చిత్రమయ్యెను. విద్యార్థులే కాక ఊరి రక్షకభటులు, అగ్నిమాపకదళమువారు, సామాన్య గృహస్థులు అందు పాల్గొనిరి. వ్యయము సుమారు 11,000 డాలర్లు. ఆ దేశపు లెక్కలో ఇది ఒక చిత్రమునకు చిల్లర పైకము.

కథ సులభము. ఊరి మాలిన్యము నుండి ఏబది అడుగుల భూతమొకటి పుట్టును. దానికి రెక్కలు కలవు. ముఖము విషవాయువు సోకకుండ తొడుగుకొను ముసుగును పోలియుండును. చెత్తడబ్బాలనిన దానికి మిక్కిలి ప్రీతి. భారతము చదివినవారికి ఏకచక్రపురము జ్ఞప్తికి రాక మానదు. ఆ ఊరివారు బకాసురునకు బండెడు అన్నము పంపిరి; ఈ భూతము జనులు పారవేసినదానిని కోరును. బకుడు వెలుపలినుండి వచ్చి పైబడినవాడు. ఇది ఊరు తన చేతులార కన్న బిడ్డ. బాలుర వేడుకగా తోచు ఆ చిత్రమున ఈ యొక్క ఊహ పెద్దలది.

పనితనము గొప్పదని చెప్పరాదు. నటులలో అనేకులు నటులు కారు. అయినను మాయాదృశ్యములలో తోడ్పడిన బెన్ బర్ట్ అను యువకుడు మరుసటి యేడే ‘స్టార్ వార్స్’ చిత్రమునకు ధ్వనులు సమకూర్చి లోకప్రసిద్ధుడయ్యెను. గొప్పవారి తొలి అడుగులు ఇట్టి చోటులందే పడుచుండును కాబోలు.

కాలక్రమమున చిత్రము ఊరి వెలుపల మరుగునపడి, వీడియో టేపులమీద మరల వెలువడెను. ఇప్పుడు చూచువారి కన్ను భూతముమీద నిలువదు. దాని వెనుకనున్న వీధులమీద నిలుచును. ఆ పాఠశాల నేడు లేదు. మోటారు కర్మాగారము 1983లో మూతపడి, 1994లో పెద్ద అంగడిగా మారినది. పురపాలక దస్తరములలో భూమి విస్తీర్ణముండును, పన్ను యుండును. 1976 నాటి పిల్లల నడక, దుస్తులు, నవ్వు ఉండవు. అవి ఈ చిత్రమునందున్నవి. భూతమును సృష్టించిన బర్రిల్ మహాశయుడే పిమ్మట పాత ఛాయాపటములతో మిల్పీటస్ చరిత్రము ప్రకటించెననిన ఆశ్చర్యపడ బనిలేదు. రెండును ఒక్క పనియే.

కంప్యూటరు పరిశ్రమ పెరిగిన తరువాత ఆ ఊరికి ఆసియా దేశములనుండి వేలమంది చేరిరి. వారిలో మన తెలుగు కుటుంబములును కలవు. వారు చూడని పాత ఊరు ఆ చిత్రమున కాననగును. చెత్తదిబ్బల వాసనను గూర్చి మాత్రము, చిత్రము వెలువడిన నలుబదేండ్లకును, ఊరివారు అధికారులకు మొరపెట్టుకొనుచునే యుండిరి.