సేఫ్టీ ల్యాంప్ నుండి ప్రతిరక్షక పట్టీ వరకు: బహుళ ప్రమాదాల గుర్తింపు

ఒకే సాధనంతో పలు ప్రమాదాలను పసిగట్టాలన్న ఆలోచన జీవసాంకేతిక శాస్త్రంతో పుట్టినది కాదు. 1957 నాటి బొగ్గుగనుల నిబంధనల కాలంలో గోదావరిఖని వంటి భూగర్భ గనుల తనిఖీకి మైనింగ్ సర్దార్ తీసుకువెళ్లిన సేఫ్టీ ల్యాంప్ అటువంటిదే. వత్తి తగ్గించినపుడు మంటపై ఏర్పడే నీలి టోపీ మీథేన్‌కు, మంట ఆరిపోవడం ప్రాణవాయువు కొరతకు గుర్తు. అయితే బొగ్గు తనంతట తాను వేడెక్కినపుడు వెలువడే కార్బన్ మోనాక్సైడ్‌ను ఆ దీపం పట్టి ఇవ్వలేదు. బ్రిటన్ గనులలో ఆ లోటును 1986 వరకు కెనరీ పిట్టలు తీర్చాయి.

జ్వరాల విషయంలోనూ చిక్కు ఇదే. మలేరియా, టైఫాయిడ్, డెంగీ తొలి రోజులలో ఒకే తీరుగా కనిపిస్తాయి. 1896 నాటి విడాల్ పరీక్ష రోగి రక్తంలోని ప్రతిరక్షకాలను వెదికేది. పాత జ్వరం మిగిల్చిన ప్రతిరక్షకాలు సైతం దానిని పొరపాటు పట్టించగలవు. 1975లో కోలర్, మిల్‌స్టీన్ ఏకక్లోన్ ప్రతిరక్షకాల తయారీని సాధించిన తరువాత దిశ మారింది. కోరిన ప్రతిజనకాన్ని మాత్రమే పట్టుకొనే ప్రతిరక్షకాలను ఒకే పట్టీపై వేర్వేరు గీతలుగా అమర్చడం సాధ్యపడింది. అమెరికా నావికాదళ పరిశోధనశాల 1990ల చివర ఇదే సూత్రాన్ని గాజు పలకపైకి తెచ్చి, ప్లేగు ప్రతిజనకాన్ని, స్టఫిలోకాకస్ విషాన్ని ఏకకాలంలో గుర్తించింది. 2001 ఆంత్రాక్స్ లేఖల తరువాత ఇటువంటి జీవసంవేదకాలపై ఆసక్తి పెరిగింది.

తెలుగు ప్రాంతాలకు ఈ సూత్రం యుద్ధభయంతో కాక మలేరియా కార్డుగా చేరింది. ద్వివిధ కార్డులో ఒక గీత ఫాల్సిపారం, మరొకటి వైవాక్స్. తేడా చిన్నది కాదు: మొదటిదానికి ఆర్టిమిసినిన్ మిశ్రమ చికిత్స, రెండవదానికి క్లోరోక్విన్‌తో పాటు పద్నాలుగు రోజుల ప్రిమాక్విన్. 1897లో సికింద్రాబాదులో రోనాల్డ్ రాస్ సూక్ష్మదర్శినిలో పరాన్నజీవి రూపాన్ని చూశాడు. కార్డు చూసేది ఒక ప్రోటీన్‌ను మాత్రమే. హెచ్‌ఆర్‌పీ-2 జన్యువును కోల్పోయిన ఫాల్సిపారం దాని కన్నుగప్పగలదు. 2010లో పెరూ నుండి వెలువడిన ఈ వార్త తరువాత భారతదేశంలోనూ రుజువైంది. గీత లేదు కనుక జ్వరం మలేరియా కాదనడం ప్రాణాంతకం కావచ్చు. రక్తపు స్లయిడ్ అందుకే మూలపడలేదు.

2020 జూన్ 14న కోవిడ్ ర్యాపిడ్ యాంటిజెన్ పరీక్షను అనుమతించినపుడు భారత వైద్య పరిశోధన మండలి ఈ పరిమితినే నియమంగా మార్చింది: లక్షణాలు ఉండి నెగెటివ్ వస్తే ఆర్టీ-పీసీఆర్ తప్పనిసరి.