కోలారు గనులు, అణువ్యర్థాలు: ఒక నిరసనకు పూర్వరంగం

2012 నవంబరులో కూడంకుళం అణువిద్యుత్ కేంద్రంపై సుప్రీంకోర్టు విచారణ సాగుతుండగా, అణువ్యర్థాల నిల్వకు కోలారు బంగారు గనుల పేరు ప్రభుత్వ పక్షం నుండి ప్రస్తావనకు వచ్చింది. కన్నడం, తెలుగు, తమిళం కలగలిసిన ఆ ప్రాంతంలో వెంటనే నిరసనలు చెలరేగాయి. అటువంటి ఆలోచనేదీ లేదని ప్రభుత్వం త్వరలోనే వివరణ ఇచ్చుకోవలసి వచ్చింది.

ఈ వ్యతిరేకతను రేడియేషన్ భయంగానో, శాస్త్రజ్ఞాన లోపంగానో కొట్టిపారేయడం చరిత్రను విస్మరించడమే. మూడు కిలోమీటర్లకు పైగా లోతున్న ఆ గనుల్లో ఒత్తిడికి రాతిపొరలు హఠాత్తుగా పగిలి ఎందరో కార్మికులు మరణించారు. రాతిధూళి మరెందరి ఊపిరితిత్తులనో పాడుచేసింది. 2001లో గనులు మూతపడ్డాయి; ఉపాధి పోయింది, సయనైడ్ కలిసిన మట్టిదిబ్బలు మిగిలాయి. గాలికి లేచే ఆ దుమ్ము ఇళ్లలోకి చేరుతూనే ఉంది. భూగర్భం సురక్షితమన్న మాటను ఆ ఊరు నమ్మకపోవడంలో వింతేమీ లేదు.

నిజానికి 1980లలోనే భాభా అణు పరిశోధన కేంద్రం ఈ గనుల్లో సుమారు 1000 మీటర్ల లోతున శిలను వేడిచేసి, వ్యర్థాల ఉష్ణానికి అదెలా స్పందిస్తుందో పరీక్షించింది. వ్యర్థాలను మాత్రం అక్కడ ఉంచలేదు.

ఫిన్లాండ్‌లో ఇటువంటి నిర్మాణాన్ని తిరస్కరించే హక్కు చట్టరీత్యా స్థానిక మండలికి ఉంది. యూరాయోకి మండలి 2000లో ఓటింగు జరిపి సమ్మతించింది. కోలారు వాసులకు సంగతి తెలిసింది కోర్టు వార్తల ద్వారా.