మా నాయన నాగాలు

గుంటూరు, ప్రకాశం జిల్లాల మీద రాసిన పుస్తకాలు చాలానే చదివాను. పొగాకు గురించి రాశారు, పత్తి గురించి రాశారు. సాగర్ కుడికాలవకు 1967లో నీళ్లొదిలాక పొలాలు ఎట్టా మారాయో రాశారు. మిరప ధర ఏ ఏడు ఎంత పలికిందో గుంటూరు యార్డు లెక్కల్లో దొరుకుతుంది. ఆ పత్తి తీసినవాళ్ల పిల్లలు, ఆ కాయ కోసినవాళ్ల పిల్లలు పొద్దున్నుంచి పొద్దుగూకేదాకా ఎవరి దగ్గరున్నారు? ఈ ప్రశ్న అడిగిన పుస్తకం నాకింకా తగల్లేదు. నేను గవర్నమెంటు బళ్లో సోషల్ టీచర్ని. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషిని. జవాబు మా ఇంట్లోనే ఉంది గనక నేనే రాస్తున్నాను.

మాది పర్చూరు పక్కన ఒక ఊరి మాదిగపల్లె. అప్పుడది ప్రకాశం జిల్లా, 2022 నుంచి బాపట్ల జిల్లా. నాయన పన్నెండో ఏట, 1975 ఉగాదికి జీతానికి కుదిరాడు. వెట్టిచాకిరీ రద్దు చట్టం ఆ మరుసటేడు, 1976లో వచ్చింది. అది మా ఊరి పొలిమేర దాటి లోపలికి రాలేదు. జీతమంటే ఇప్పటి పిల్లలు నెలజీతం అనుకుంటారు. పాలేరు జీతం ఉగాది నుంచి ఉగాదికి. కోడికూతకు ముందు లేచి పేడ తియ్యాలి, పాలు పితకాలి, మేత వెయ్యాలి, అరక కట్టాలి. రాత్రి గొడ్ల చావిట్లోనే పడుకోవాలి. రోజుకు ఎన్ని గంటల పని అని అడగడానికి లేదు. రోజే కామందుది.

పాలేరు పనికి రాని రోజును నాగా అంటారు. జొరమొచ్చినా నాగానే, చావుకు పోయినా నాగానే. ఏడాది పొడుగునా వాటిని లెక్కపెట్టుకుని, ఉగాది దాటాక అన్ని రోజులూ ఉత్తపుణ్యానికి చేయించుకుంటారు. నాయనకు చదువు రాదు. కామందు రాసుకున్నదే లెక్క.

1988లో మేం పుట్టాం. ఇంట్లోనే, మంత్రసాని చేతుల మీద. ముందు నేను, కాసేపటికి చెల్లెలు. కడుపులో ఇద్దరున్నారని మా అమ్మకే తెలియదు. నాయనకు కబురందేటప్పటికి చేలో ఉన్నాడు. గొడ్లను దొడ్లో కట్టేసి, కుడితి పెట్టి, ఇంటికొచ్చేసరికి చీకటి పడింది.

ఆ ఏడు నాయనకు 41 నాగాలు పడ్డాయి. ఈ అంకె ఆయనకు ఇప్పటికీ నోటికొస్తది. మా ఇద్దరికీ ఒకేసారి జొరాలు వచ్చేవి, ఒకేసారి విరేచనాలు పట్టుకునేవి. అమ్మకు ఒకర్ని ఎత్తుకుంటే ఇంకోరు కింద. పాలు ఇద్దరికి చాలేవి కావు. నాయన కామందు ఇంట రోజూ రెండు పూటలా బర్రెల్ని పితికేవాడు. ఆ చెంబులో మాకు చుక్క లేదు. పల్లెలో ఒక ముసలమ్మకు మేక ఉండేది, ఆ మేకపాలు మమ్మల్ని బతికించాయి. అందుకు నాయన ఆ మేకకు రోజూ తుమ్మకొమ్మ నరికి తెచ్చిపెట్టేవాడు.

1989 ఉగాదికి కామందు లెక్క చూశాడు. 41 నాగాలు, పైన బాకీ. అప్పుడు కామందు భార్య ఒక మాట అన్నదంట. "ఇద్దరాడపిల్లల్ని ఎట్టా సాకుతావురా? నడకొచ్చాక ఒకదాన్ని మా ఇంట్లో పడెయ్. మా మనవరాలికి తోడుగా ఉంటది, పెద్దయితే అంట్లకు పనికొస్తది. నాగాలు, బాకీ మీ కామందుకు నేను చెప్తాలే." ఈ మాటను ఆమె దయగానే అన్నదని నాయన ఇప్పటికీ అంటాడు. కావచ్చు. పన్నెండేళ్ల నాయన్ను జీతానికి పెట్టుకున్నప్పుడు కూడా ఆ ఇంటివాళ్లు దయగానే పెట్టుకుని ఉంటారు.

ఎదురు చెప్తే బాకీ ఆ పూటే కట్టమంటారు. నాయన తల గోక్కుంటా, "అమ్మా, ఒక్క కాన్పు బిడ్డలు. విడదీస్తే రెండూ బతకవంటారు. మీ ఇంట్లో పసిబిడ్డ చావెందుకమ్మా" అన్నాడు. ఆమె భయపడి ఊరుకుంది. అట్టాంటి నమ్మకం మా పల్లెలో ఎవరికీ లేదు, నాయన అప్పటికప్పుడు పుట్టించాడు. ఆ 41 రోజులూ ఉత్తగా చేసి, బాకీ అమ్మ కూలి డబ్బుల్లోంచి తీరుస్తానని ఒప్పుకుని, జీతం మానేశాడు.

జీతం మానడం ఒక్క మా నాయన ధైర్యం కాదు. 1985 జూలై 17న మాకు దగ్గర్లోనే కారంచేడులో ఆరుగురు మాదిగల్ని చంపారు. తాగే నీళ్ల చెరువు దగ్గర గొడ్డు కుడితి కలిపారని అడిగినందుకు, మున్నంగి సువార్త బిందె ఎత్తినందుకు. బతికినవాళ్లు చీరాలకు పరుగెత్తారు. అక్కడ చర్చి ఆవరణలో శిబిరం వేసుకున్నారు, దళిత మహాసభ ఆ కడుపుమంటలోంచే పుట్టింది. నాయనకు అప్పుడు ఇరవై రెండేళ్లు, పెళ్లి కాలేదు. చుట్టాల్ని చూడటానికి చీరాల పోయాడు. అక్కడ ఉపన్యాసాలేం విన్నావని ఒకసారి అడిగాను. "ఉపన్యాసాలు గుర్తులేవమ్మీ. మగోళ్లందరి సంకల్లోనూ పిల్లలుండారు. అంతమంది మగోళ్లు పిల్లల్నెత్తుకోని ఉండటం అదే మొదలు నేను చూట్టం" అన్నాడు. నేను కారంచేడు మీద దొరికినంత చదివాను. ఈ మాట చెప్పినవాళ్లు లేరు.

రెండో కారణం పత్తి. 1987-88లో తెల్లదోమ పడి మా రెండు జిల్లాల్లో పత్తి నాశనమైంది, రైతులు పురుగుమందు తాగి చచ్చిపోయారు. పేపర్లు ఆ చావుల్ని రాశాయి, రాయాల్సిందే. ఆ ఏడు తీతలు లేక పస్తులున్న కూలోళ్ల సంగతి రాసినట్టు నేను చూడలేదు. మా ఊళ్లో చాలామంది కామందులు పత్తి తగ్గించి మిరప పెంచారు. ఏడాది పొడుగునా పాలేర్లను మేపడం దండగన్నారు. మిరపకు పాలేరు అక్కర్లేదు, కోతలప్పుడు ఆడకూలీలు కావాలి. పత్తి తియ్యడానికీ, కాయ కొయ్యడానికీ ఆడవాళ్ల చేతులే చురుకంటారు. అసలు సంగతి ఆడకూలి తక్కువ. అప్పుడు మా ఊళ్లో మందు కొట్టే మగమనిషికి ఇరవై రూపాయలిస్తే కాయ కోసే అమ్మకు పన్నెండు. సమాన వేతన చట్టం కూడా 1976దే.

అందుకని సంక్రాంతి దగ్గర్నుంచి ఎండలు ముదిరేదాకా మా పల్లెలో ఆడవాళ్లకు రోజూ పని ఉండేది, మగవాళ్లకు వారంలో రెండు మూడు రోజులు. మిగతా మగవాళ్లు ఆ ఖాళీని సారాకొట్టు దగ్గర గడిపారు. నాయన మా దగ్గర గడిపాడు. చిన్నప్పుడు ఒక పెద్దమనిషి నాయన్ను చూసి "ఒరే ఆడంగీ, పిల్లలకు పాలు కూడా ఇస్తావా ఏంది" అని ఎగతాళి చేయడం నాకు గుర్తుంది. నాయన నవ్వి, "వస్తే ఇయ్యనా మామా" అన్నాడు.

1991లో తమ్ముడు పుట్టాడు. వాడు రెండు నెలల పసిగుడ్డు అప్పుడు, ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మందిని నరికారు. సినిమా హాల్లో కాలు తగిలిందన్న దగ్గర మొదలైన గొడవ అది. శవాల్ని గోనెసంచుల్లో కుక్కి కాలవలో పడేశారు. కొన్నాళ్లపాటు మా పల్లెలో మగవాళ్లు రాత్రిళ్లు ఇళ్లల్లో పడుకోలేదు, పొలాల్లోకో చుట్టాల ఊళ్లకో పోయేవాళ్లు. నాయన పోలేదు. వాకిట్లో మంచం అడ్డంగా వేసుకుని, మమ్మల్నిద్దర్నీ చెరో పక్కన పడుకోబెట్టుకునేవాడు. "ముగ్గుర్ని తీసుకోని మీ అమ్మ పరిగెత్తలేదు. నేనొక్కణ్ణే పరిగెత్తి ఏం చేసుకునేది?" అంటాడు. చుండూరులోనే పెట్టిన ప్రత్యేక కోర్టు 2007లో 21 మందికి యావజ్జీవం వేసింది. 2014లో హైకోర్టు అందర్నీ వదిలేసింది. ఆ తీర్పు వచ్చిన రోజు నేను బళ్లో పాఠం చెప్తున్నాను. ఇంటికొచ్చి చెప్తే నాయన అన్నం ముద్ద కింద పెట్టి లేచిపోయాడు.

1992 కోతల కాలంలో ఆయన దినచర్య ఇదీ. అమ్మ, నాయన కలిపి చెప్పిందే రాస్తున్నాను. తెల్లారకముందే అమ్మ వంట చేసి, తమ్ముడికి పాలిచ్చి, ట్రాక్టరు ఎక్కేది. నాయన మాకు మొహాలు కడిగి, రేషను బియ్యంతో వండిన అన్నంలో చారు పోసి తినిపించేవాడు. తమ్ముణ్ణి దూలానికి కట్టిన చీర ఉయ్యాల్లో వేసి, ఉయ్యాలకు తాడు కట్టి, ఆ తాడు కాలిబొటనవేలికి తగిలించుకుని, కాలితో ఊపుతా చేత్తో మా తలలు దువ్వేవాడు. పేలు చూసేవాడు. జడ వెయ్యడం ఆయనకు ఎవరూ నేర్పలేదు. పాలేరుగా గోగునారతో పలుపులు పేనిన చెయ్యి. మా జడలు కూడా పలుపుల్లాగే బిర్రుగా ఉండేవి, సాయంత్రానికి కూడా ఒక్క వెంట్రుక ఊడేది కాదు. కళ్లు మాత్రం పైకి లాక్కుపోయేవి.

పగటేళ అయ్యేసరికి తమ్ముడు పాలకు ఏడ్చేవాడు. వాణ్ణి తువ్వాలతో రొమ్ముకు కట్టుకుని, చెల్లెల్ని మెడమీద ఎక్కించుకుని, నన్ను నడిపించుకుంటా చేను దగ్గరికి రెండు కిలోమీటర్లు పోయేవాడు. నన్నే ఎందుకు నడిపించేవాడంటే, నేను పెద్దదాన్నంట! కాసేపు ముందు పుట్టిన పాపానికి.

అసలు కష్టం చేలో. పొద్దున్నుంచి కాయ కోసిన చేతులు అమ్మవి, మంటతో ఎర్రబడి ఉండేవి. ఆ చేత్తో రొమ్ము తాకితే బిడ్డ నోరు కాలుద్ది. నాయన ఒక సీసాలో మజ్జిగ, చిన్న బుడ్డిలో ఆముదం పట్టుకుపోయేవాడు. ముందు మట్టితో రుద్ది కడిగి, తర్వాత మజ్జిగ, తర్వాత ఆముదం. అయినా అమ్మ చెయ్యి తగలనీకుండా నాయనే బిడ్డను పట్టుకుని పాలు తాగించేవాడు. మేస్త్రి అంతసేపూ ఎదురుగా నిలబడి ఉండేవాడు, మిగతా ఆడవాళ్లు కొంగులు అడ్డం పట్టేవాళ్లు. తమ్ముడి మూతి ఎన్నిసార్లు మండిందో లెక్కలేదు.

నాయనకు తన చేతులంటే కూడా భయమే. మందు కొట్టడానికి పోయిన రోజు, మోనోక్రోటోఫాస్ అయినా ఎండోసల్ఫాన్ అయినా, కాలవలో మునిగి బట్టలు అక్కడే తడిపి వచ్చినా, మమ్మల్ని దగ్గరికి రానిచ్చేవాడు కాదు. మేం ఏడ్చేవాళ్లం, ఆయన వాకిట్లో దూరంగా కూర్చునేవాడు. ఒకసారి చేలోనే వాంతులై పడిపోయాడు. అప్పట్నుంచి ఇరవై రూపాయల పని మానేసి, కళ్లంలో తాలుకాయలు ఏరే పనికి పోయాడు. అది ఆడవాళ్ల పని, ఆడకూలి. పిల్లల్ని పక్కన ఉంచుకోవచ్చు గదా అన్నాడు. ఎండోసల్ఫాన్‌ను సుప్రీంకోర్టు 2011లో ఆపింది.

మా పల్లెకు అంగన్‌వాడీ వచ్చేసరికి మేం బడికి పోతున్నాం. బళ్లో వండి పెట్టే మధ్యాహ్న భోజనం 2003లో వచ్చేసరికి ఆ బడి దాటిపోయాం. బళ్లో చేర్చేటప్పుడు ఇద్దరికీ ఒకే పుట్టినరోజు చెప్తే పంతులు నమ్మలేదు. "ఏదో ఒకటి సరిగ్గా చెప్పరా" అన్నాడు. మా ఇద్దరికీ ఆయనే ఏడాది తేడాతో రెండు తేదీలు వేశాడు. సర్టిఫికెట్ల ప్రకారం నా కవల చెల్లెలు నాకంటే ఏడాది చిన్నది.

ఆరో తరగతిలో ఇద్దరం సాంఘిక సంక్షేమ హాస్టల్లో చేరాం. అక్కడ జడలు వేసుకోవడం రాని పిల్లలకు మేమే వేసేవాళ్లం, పలుపు జడలు. ఇంటర్ తర్వాత ఇద్దర్నీ చదివించడానికి డబ్బుల్లేవు. ఆ మాట నాయన నోటితో అనలేక వారం రోజులు తిరిగాడు. చివరికి చెల్లెలే "అక్క చదువుద్దిలే నాయనా" అంది. ఒక కాన్పు బిడ్డల్ని విడదీయకూడదని కామందు ఇంట చెప్పినవాడు ఆయన. నేను డిగ్రీ, బీఈడీ చేశాను, 2012 డీఎస్సీలో ఉద్యోగమొచ్చింది. చెల్లెలు కాయ కోస్తోంది. మా ఇద్దరి మొహాలు ఇప్పటికీ ఒకటే. చేతులు చూస్తే ఎవరు ఎవరో చెప్పొచ్చు.

మా బళ్లో ఒక మాస్టారికి బిడ్డ పుడితే 15 రోజుల పితృత్వ సెలవు పెట్టాడు. ఆ సంగతి నాయనకు చెప్పాను. బిడ్డ పుడితే మగాడికి జీతమిచ్చి మరీ సెలవిస్తారా అని రెండుసార్లు అడిగాడు. తర్వాత వేళ్ల మీద ఏదో లెక్కేసుకుని, "ఇద్దరికి ముప్పై. అయినా పదకొండు నాగాలు తగులుతాయి" అన్నాడు.

ఇప్పుడాయనకు పింఛను వస్తోంది. చెల్లెలి మొగుడు ఆటో నడుపుతాడు, కోతల కాలంలో కూలీలను చేలకు తోలి రాత్రికి గానీ రాడు. వాళ్ల పిల్లలు నాయన దగ్గరే ఉంటారు. మజ్జిగ సీసా ఇప్పటికీ గూట్లోనే ఉంది.