జాబితా, చర్చలు, చినారుట్ల: నల్లమలలో ‘ఉగ్రవాది’ నిర్వచనం

కీలక పదాలు: నల్లమల, శాంతి చర్చలు, నిషేధం, ఉగ్రవాద జాబితా, స్థానిక చరిత్ర

2004 అక్టోబరులో పెద్దదోర్నాల మండలంలోని చినారుట్ల చెంచుగూడెం దగ్గర కొందరు సాయుధులు అడవి నుంచి బయటికి వచ్చారు. రామకృష్ణ పేరుతో ప్రసిద్ధుడైన అక్కిరాజు హరగోపాల్ వారిలో ఒకరు. వారు వచ్చింది లొంగిపోవడానికి కాదు, ప్రభుత్వ ఆహ్వానంపై. అక్టోబరు 15 నుంచి 18 వరకు హైదరాబాదులో హోంమంత్రి కె. జానారెడ్డి నాయకత్వంలోని బృందంతో చర్చలు జరిగాయి. ఎస్.ఆర్. శంకరన్ వంటివారి పౌరస్పందన వేదిక కృషి దానికి భూమిక. మార్కాపురం, గిద్దలూరు, యర్రగొండపాలెం ప్రాంతాల చరిత్ర రాసేవారు ఈ ఘట్టాన్ని సాధారణంగా ఒక వాక్యంతో దాటవేస్తారు. అక్కడ ఆగి అడగవలసిన ప్రశ్న ఒకటుంది: ఆనాడు చట్టం దృష్టిలో వారెవరు?

రాష్ట్రం చెప్పే సమాధానం ఒకటి. 1992లో ప్రజాభద్రతా చట్టం కింద పీపుల్స్‌వార్‌పై నిషేధం వచ్చింది. 1995లో తొలగి, 1996లో తిరిగి వచ్చింది. 2004 జులైలో ప్రభుత్వం దానిని పొడిగించలేదు. కనుక అక్టోబరు నాటికి రాష్ట్రంలో నిషేధం లేదు. కేంద్రం చెప్పే సమాధానం వేరు. 2001 డిసెంబరులోనే పీపుల్స్‌వార్‌ను, దాని అనుబంధ సంఘాలన్నింటినీ ఉగ్రవాద సంస్థల జాబితాలో చేర్చారు. 2004 సెప్టెంబరు 21న ఆర్డినెన్సు ద్వారా పోటాను రద్దు చేశారు గాని జాబితాను రద్దు చేయలేదు. అది చట్టవ్యతిరేక కార్యకలాపాల నిరోధక చట్టంలోకి మారింది. విచిత్రమేమంటే, పీపుల్స్‌వార్, ఎంసీసీ విలీనమై మావోయిస్టు పార్టీ ఏర్పడిన తేదీ కూడా అదే. అంటే జాబితాలో మిగిలినవి విలీనమైపోయిన పార్టీల పేర్లు. కొత్త పార్టీ పేరు ఆ జాబితాకు ఎక్కింది 2009 జూన్ 22న. ఒకే మనిషి ఒకే వారంలో హైదరాబాదులో అతిథి, ఢిల్లీ కాగితాలలో ఉగ్రవాది.

ఆ తర్వాతి హింసను తక్కువ చేసి చూపడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. చర్చల బల్ల దగ్గర కూర్చున్న జనశక్తి ప్రతినిధి రియాజ్ 2005 జులైలో ఎన్‌కౌంటర్‌లో మరణించాడు. అదే ఏడాది ఏప్రిల్‌లో ఒంగోలులో జిల్లా ఎస్పీ వాహనంపై మావోయిస్టులు బాంబు దాడి చేశారు. ఆగస్టు 15న నారాయణపేటలో ఎమ్మెల్యే నర్సిరెడ్డిని, మరికొందరిని చంపారు. 17న నిషేధం తిరిగి వచ్చింది. అప్పుడు విరసాన్ని కూడా నిషేధించి, కొద్ది నెలలకే ఎత్తివేయవలసి వచ్చింది. బాంబు పెట్టినవారిని, వ్యాసం రాసినవారిని జాబితా ఒకే తాటిపై కట్టగలదని అప్పుడే తేలింది.

భాషాపరంగానూ ఇక్కడొక చిక్కుంది. మన పత్రికలు స్థూలంగా నక్సలైటును ‘తీవ్రవాది’ అన్నాయి, ‘ఉగ్రవాది’ని వేరే సందర్భాలకు అట్టిపెట్టాయి. ఊళ్లలో వాడుక ‘అన్నలు’. కేంద్ర చట్టానికి ఈ తేడాలేవీ లేవు. పరిశోధకుడు పోలీసు పత్రం నుంచి ‘ఉగ్రవాది’ అనే మాటను ఎత్తి రాసినప్పుడు, ఒక తేదీకి, ఒక అధికార పరిధికి లోబడిన హోదాను మనిషి స్వభావంగా మార్చి రాస్తున్నాడు. నా ఉద్దేశంలో ఆ మాట పక్కన ఏ చట్టం, ఏ సంవత్సరం అన్నది రాయకపోవడం మూలాన్ని దాచడమే.

2019 సవరణ దాకా ఆ చట్టంలో ఉగ్రవాదులుగా ప్రకటించింది సంస్థలనే. ఆ సవరణతో వ్యక్తినీ ప్రకటించవచ్చు. ముందుగా న్యాయస్థానం దోషిగా తేల్చవలసిన పని లేదు. పేరు తొలగించమని మొదట అర్జీ పెట్టుకోవలసింది చేర్చిన కేంద్ర ప్రభుత్వానికే.

అడవి అంచున ఉన్నవారికి ఇది నిర్వచనాల చర్చ మాత్రమే కాదు. ఉగ్రవాది అని తెలిసి ఆశ్రయమిస్తే కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా యావజ్జీవం అంటుంది 19వ సెక్షన్, మినహాయింపు భార్యాభర్తలకే. ‘తెలిసి’ అన్న మాట బరువంతా గూడెం మీద పడుతుంది. తుపాకీతో వచ్చి అన్నం అడిగినవాడు ఈ నెల ఏ జాబితాలో ఉన్నాడో చెంచుగూడెంలో చూసుకునే దారి లేదు. 2004 అక్టోబరులో చినారుట్లలో అలా వచ్చినవారిని చూడటానికి పత్రికలవారు బారులు తీరారు.